ఐవార్ లాగ్: సీసా అడుగున మళ్ళీ ఊట

మళ్ళీ నీరు దిగింది. రాత్రి సీసాల్లోకి ఎత్తినప్పుడు తెడ్డు నిలబడేంత గట్టిగా ఉన్న ఐవార్ (కాల్చిన తీపి ఎర్ర మిరపకాయల్ని నూనెలో వండే బాల్కన్ పచ్చడి), తెల్లారేసరికి 720 మి.లీ. సీసా అడుగున 9 మి.మీ. ఎత్తున ఎర్రటి నీరు వదిలింది. ఒక సీసా విప్పి చిల్లుల గిన్నెలో బోర్లిస్తే 55 మి.లీ. వచ్చింది. 370 మి.లీ. చిన్న సీసాల్లో మాత్రం సన్నటి తడిచార తప్ప ఏమీ లేదు. ఒకే గిన్నె, ఒకే వాయి, ఒకే ఉప్పు. అసలు విసుగు అక్కడే.

కాల్చడం, తొక్క ఒలవడం బాగా కుదిరాయి. కమురు లేదు, చేదు లేదు. కాబట్టి ఈ పోస్టంతా ఊట గురించే.

ఉత్తర మాసిడోనియాలోని స్ట్రుమిత్సాలో అత్తగారింట్లో వేసవి మకాం సెప్టెంబరు దాకా సాగడానికి ముఖ్య కారణం కపియా అనే తీపి ఎర్ర మిరపకాయలే. జులైలో వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళకి ఐవార్ తినడమే తప్ప వండే యోగం ఉండదు, పూర్తిగా ఎర్రబడిన కాయ ఆగస్టు చివరిగ్గానీ బస్తాల్లో దిగదు. ఈ వాయికి తీసుకున్నది కుర్తొవ్‌స్కా కపియా: పొడుగ్గా, బల్లపరుపుగా, కండ మందంగా ఉండే రకం. క్యాప్సికమ్‌తో ఐవార్ చేయొచ్చనేవాళ్ళతో నాకు పేచీ. అందులో నీరెక్కువ, కండ తక్కువ, తొక్క కూడా సరిగ్గా ఊడదు.

లెక్కలివి. కాయలు 20 కిలోలు. కాల్చి తొక్క, తొడిమ, గింజ తీశాక 10.8. చిల్లుల గిన్నెలో రాత్రంతా ఉంచితే 1.9 లీటర్ల రసం కారి 8.9 కిలోలు మిగిలాయి. కాయలు ఆడించే మరకి 4.5 మి.మీ. చిల్లుల బిళ్ళ వేశాం. వండింది 30 సెం.మీ. వ్యాసమున్న ఎత్తైన గిన్నెలో, 900 మి.లీ. పొద్దుతిరుగుడు నూనె మొదట్లోనే పోసి, 110 గ్రాముల ఉప్పుతో. లోతు దాదాపు 14 సెం.మీ. కట్టెల పొయ్యి మీద మూడు గంటలు. దించేటప్పుడు తూకం 8.1 కిలోలు.

ఆ చివరి అంకె దగ్గరే అసలు సంగతి. నూనె, ఉప్పు తీసేస్తే గుజ్జు 7.2 కిలోలు, అంటే 8.9లో 80 శాతం. మూడు గంటలు తిప్పినా ఆవిరైంది 1.7 కిలోలే. తెడ్డుతో గీత గీస్తే గిన్నె అడుగు కనబడి, గీత వెంటనే పూడకుండా నిలిచింది. అందరూ చెప్పే గుర్తు అదే. కానీ వేడి మీదున్న గుజ్జు, అందులో నూనె కలిసి ఉన్నప్పుడు, ఆ గీతని నమ్మడానికి లేదు. నూనె గుజ్జును పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్ళున్నా గట్టిగానే కనబడుతుంది. చల్లారాక నీరు విడిపోయి కిందికి దిగుతుంది.

మూత కింద ఆవిరి గడ్డకట్టి కారిందేమో అని మొదట అనుమానించాం. ఆ లెక్క నిలవదు. సీసాలో ఖాళీ 40 మి.లీ.; అంత ఆవిరి బరువు గ్రాములో నలభయ్యో వంతు కూడా ఉండదు. పైగా మూతకి పట్టిన నీరు ముందు పైన కనబడాలి, ఇక్కడ పైనంతా నూనె తేటగా ఉంది. కాబట్టి నీరు గుజ్జులోదే. తొక్క ఒలిచేటప్పుడు కాయల్ని కుళాయి కింద కడగలేదు, వేళ్ళు మాత్రం గిన్నె నీళ్ళలో ముంచాం, అదీ కారణం కాదు.

మిగిలిన అనుమానాల్లో మొదటిది గిన్నె. 14 సెం.మీ. లోతులో అడుగు ఉడుకుతుంటే పైభాగం ఉడికినట్టు నటిస్తుంది, ఆవిరి పోయే జాగా ఉండదు. రెండోది మొదట్లోనే పోసిన నూనె: పైన పొరకట్టి ఆవిరిని ఆపుతుంది. మూడోది సన్నటి బిళ్ళ. ఇంతకుముందు 8 మి.మీ. బిళ్ళతో ఆడించిన వాయి దాదాపు ఇంతే ఉడికినా ఊట సగం కూడా లేదు. సన్నగా ఆడితే కండ నలిగి, పట్టుకున్న నీరంతా వదిలేస్తుంది. నాలుగోది, కాయలు కోసే ముందు వాన పడిందా అన్నది. బస్తా అమ్మినాయన లేదన్నాడు, దాన్ని అలా వదిలేద్దాం.

పరీక్ష కోసం 3 కిలోల ఐవార్‌ని సీసాల్లోంచి మళ్ళీ 50 సెం.మీ. తెప్సియాలోకి, అంటే అంచున్న వెడల్పాటి పళ్ళెంలోకి ఎత్తి, సన్నటి సెగ మీద 2.45 కిలోలకి దించాం. గుజ్జు తూకం వడగట్టినదాంట్లో దాదాపు 64 శాతానికి వచ్చింది. పెద్ద సీసాకి 130 మి.లీ. నీరు పోయినట్టు లెక్క, అంటే కారిన ఊటకి రెట్టింపు కంటే ఎక్కువ. అయినా మర్నాడు పెద్ద సీసాలో 2 మి.మీ. ఉంది! దీన్ని బట్టి గిన్నె, నూనె పెద్ద దోషులే గానీ, ఆ చివరి 2 మి.మీ. బిళ్ళదేనని నా నమ్మకం. చిన్న సీసా ఎందుకు బాగుందంటే త్వరగా చల్లారుతుంది, గుజ్జు మీద పైబరువు కూడా తక్కువ.

గీతకి బదులు ఇప్పుడు రెండు గుర్తులు పెట్టుకున్నాం. ఒకటి తూకం: ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, గుజ్జు వడగట్టిన తూకంలో 60 నుంచి 63 శాతానికి వచ్చేదాకా దించకూడదు. రెండోది చల్లటి పళ్ళెం: చెంచాడు వేసి, అయిదు నిమిషాలాగి, వంచాలి. ముద్ద చుట్టూ నీటి వలయం కడితే ఇంకా ఉడకాలి. అత్తగారు కాటా వైపు చూడరు. తెడ్డు అందుకుని "ఉష్టె మాల్కు", ఇంకొంచెం, అంటారు. చిత్రమేమిటంటే ఆవిడ "ఇంకొంచెం" కాటాతో చూస్తే 62 శాతం దగ్గర ఆగింది.

నిల్వ విషయంలో మాత్రం ఆవకాయ లెక్క ఇక్కడ నడవదు, తెలుగువాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆవకాయని కాపాడేది ఉప్పు, పులుపు. పైన నూనె వాటికి తోడు. ఐవార్‌లో ఉప్పు ఒక శాతం చిల్లర. కాల్చిన కాయ పీహెచ్ మా మీటర్‌లో 4.9. నూనె కింద గాలి ఆడదు, పీహెచ్ 4.6 దాటిన చోట బొటులినమ్ అనే విష బ్యాక్టీరియా పెరగగలదు, దాని బీజాలు మరిగే నీటికి చావవు. చాలా ఇళ్ళల్లో నిల్వకి వేసే బెంజోయేట్ కూడా పులుపు లేనిదే సరిగ్గా పనిచేయదు. కాబట్టి 9 శాతం వెనిగర్ కిలోకి 30 మి.లీ.తో మొదలుపెట్టి, దించడానికి ఇరవై నిమిషాల ముందు కలిపి, నమూనా చల్లార్చి కొలవాలి. మాకు 38 మి.లీ. దగ్గర 4.2 వచ్చింది. మీటర్‌ని 4.01, 7.00 ద్రావణాలతో సరిచూసుకున్నాకే నమ్మాలి. నూనె అంటిన మొనని ప్రతిసారీ సబ్బు నీళ్ళతో కడగాలి. వెనిగర్ వద్దనుకుంటే ఫ్రీజరే దారి.

సామాను మీద రెండు మాటలు. నూనె బ్రిలియాంట్ కంపెనీది చాలు, వాసన లేదు. ఆలివ్ నూనె కాయ రుచిని మింగేస్తుంది. మర చేత్తో తిప్పే పోత ఇనుముది, 10వ నంబరు. మిక్సీ ఏ కంపెనీదైనా వద్దు, గాలి నింపి నురగ చేస్తుంది.

తర్వాతి బస్తాని రెండు పాళ్ళు చేసి, ఒకటి 8 మి.మీ., ఒకటి 4.5 మి.మీ. బిళ్ళతో ఆడించి, ఒకే వెడల్పు తెప్సియాల్లో వండాలి. నూనె మూడో వంతు మొదట, మిగతాది 70 శాతానికి దిగాక. సీసాలన్నీ 370వే. రెండిట్లో ఏది గెలిచినా, వడగట్టిన రసం పారబోయకుండా సగానికి మరగబెట్టి పింజుర్‌లో, అంటే వంకాయ, టమాటా కలిపిన మిరప పచ్చడిలో, టమాటాతో పాటు పోసి చూడాలని ఉంది. వంకాయలకి ఇప్పటికే చెప్పి ఉంచాం. వెజెనా అనే కారపు మిరపకాయలు ఎండితే కొన్ని దంచి లూటెనిట్సా అనే కారం పచ్చడికి ఉంచాలి. వాటి కారం ముందు గుంటూరు మిరప పక్కన పెట్టి రుచి చూడాలి.