పైల్స్ అనుకుని రెండేళ్లు నెట్టుకొచ్చాను

హిమోగ్లోబిన్ 8.9 అని రిపోర్టు వచ్చినప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. 46 ఏళ్ల ఆడదానికి నెలసరి ఎక్కువై రక్తం తగ్గడం మామూలే కదా అని నేనూ అనుకున్నాను, చూసిన డాక్టరూ అదే అని ఐరన్ మాత్రలు రాశారు. విరేచనంలో అప్పుడప్పుడు ఎర్రగా కనబడుతోందని మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను, మా ఆయనకీ చెప్పలేదు. పైల్స్ అయ్యుంటాయిలే అని ఆయింట్‌మెంట్ తెచ్చుకుని, కారం తగ్గించి, మజ్జిగ తాగుతూ అప్పటికే రెండేళ్లు గడిపేశాను.

ఒకరోజు ఫోన్లో మా చెల్లెలికి చెప్పాను. వాళ్ల బాబుకి నాలుగేళ్లప్పుడు నొప్పేమీ లేకుండా రక్తం పడితే పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) అని తీసేశారు, అందుకే దానికి ఈ సంగతి తెలుసు. పిల్లల్లో వచ్చేవి ఎక్కువగా జువెనైల్ పాలిప్స్, మామూలుగా ఒక్కటే ఉంటుంది, ఒక్కటే అయితే క్యాన్సర్ భయం దాదాపు ఉండదు. "వాడిది వేరు, నీ వయసు వేరు, రేపే వెళ్లక్కా" అంది.

గ్యాస్ట్రో డాక్టరుగారు కొలనోస్కోపీ అన్నారు, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. ముందురోజు ఆకుకూరలు, గింజలు వద్దంటే పెరుగన్నం తిన్నాను. సాయంత్రం నుంచి పౌడర్ కలిపిన రెండు లీటర్ల నీళ్లు, ఉప్పగా, వెగటుగా, గ్లాసు తర్వాత గ్లాసు. నిజంగా కష్టమైంది అదే. పరీక్షప్పుడు మత్తిచ్చారు, ఏమీ తెలియలేదు.

లేచాక ఫొటో చూపించారు. పెద్దపేగు కింది వంపులో, కాడ మీద పుట్టగొడుగులా 14 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి, దానికి కాస్త పైన 4 మిల్లీమీటర్లది ఇంకొకటి. వైరు ఉచ్చు వేసి రెండూ అప్పుడే తీసేశారట. బయాప్సీ వచ్చేదాకా ఆరు రోజులు, పొద్దున మా అమ్మాయికి జడ వేస్తుంటే చేతులు వణికేవి, అది గమనించకూడదని వెనకాలే నిలబడేదాన్ని.

అడినోమా అని వచ్చింది, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే వీలున్న రకం పాలిప్. క్యాన్సర్ లేదు.

ఇవి వయసుతో పెరుగుతాయని డాక్టరుగారు చెప్పారు. ముప్పైల్లో తక్కువ, 50 దాటినవాళ్లకి పాశ్చాత్య దేశాల్లో పరీక్ష చేస్తే సుమారు నలుగురిలో ఒకరికి ఉంటాయి, మగవాళ్లలో ఇంకా ఎక్కువ. మన దగ్గర అంత లేదు. చాలావరకు క్యాన్సర్ కావు, అయ్యేవాటికీ దాదాపు పదేళ్లు పడుతుంది, కానీ సెంటీమీటరు దాటితే జాగ్రత్తపడాలి, నాది దాటేసింది. చిన్నవయసులో కేసులు పెరుగుతున్నాయనే అమెరికాలో 2021లో పరీక్ష మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి తగ్గించారు. అయినా ఆ లెక్క ఏ లక్షణాలూ లేనివాళ్లకి. రక్తం కనబడిందంటే మీకు ముప్పై అయినా సరే, దయచేసి డాక్టరుకి చెప్పండి, నాలా సిగ్గుపడి దాచుకోకండి.

నాన్నకి 72. "ఈ వయసులో నాకెందుకమ్మా" అన్నారు. ఆ ఫొటో చూపించి పక్కన కూర్చుని బతిమాలితే వచ్చారు. మూడు చిన్నవి బయటపడ్డాయి, తీసేశారు.

ఐరన్ మాత్రలు నాలుగు నెలలు వాడాను, ఇప్పుడు హిమోగ్లోబిన్ 12.2. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. మళ్లీ మూడేళ్లకి పరీక్ష. తోబుట్టువులు 40 దాకా ఆగకుండా నా వయసుకి పదేళ్ల ముందు నుంచే చూపించుకోవాలన్నారు, చెల్లికి 39, వచ్చే నెల్లోనే తనకి. ఆ పౌడర్ నీళ్లు తాగే రాత్రి నేను దాని దగ్గరే ఉంటాను.