ఆ 20 డిగ్రీలు ఎక్కడివో తేలేదాకా

మే నెల రెండో వారం. మూడు పెళ్లిళ్ల వీడియోలు నా దగ్గర ఎడిటింగ్‌కి ఉన్నాయి. విజయవాడ సత్యనారాయణపురంలో మాది పై వాటా, నెత్తి మీద డాబానే. మధ్యాహ్నం మూడింటికి గోడ మీద చెయ్యి పెట్టినా చురుక్కుమంటుంది. అలాంటి రోజున వీడియోని రెండర్‌కి (ఎడిట్ చేసినదంతా ఒకే ఫైలుగా తయారుచేయడానికి) పెట్టి ప్రాసెసర్ వేడి ఎంతుందో చూస్తే 96 డిగ్రీలు! చాలా టెన్షన్ పడ్డాను. ఆ మెషీన్ ఆగితే నా పనీ ఆగిపోతుంది.

నాది ఏఎండీ రైజెన్ 7 1700ఎక్స్. 2017లో మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్, నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానికి కంపెనీ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలే. గవర్నర్‌పేటలో నాకు తెలిసిన షాపు అబ్బాయికి ఫోన్ చేస్తే, "అక్కా, ఈ ఎండలకి మీ కూలర్ చాలదు. లిక్విడ్ కూలర్ వేయించేద్దాం, 8,000 అవుతుంది" అన్నాడు. సరే అనబోయాను. పక్కనే కూర్చున్న నాన్న ఆపారు. ఆయన కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. "ముందు ఆ అంకె నిజమో కాదో చూసుకోవాలి కదమ్మా. ఇంకోదానితో కొలిచావా?" అని అడిగారు.

కొలవలేదు. ఎప్పుడో వేసుకున్న ఒక పాత సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుని ఉన్నాను. ఆ రాత్రి కంప్యూటర్ లోపలి సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దించుకుని, రెండింటినీ ఒకేసారి తెరిచాను. అది పొరపాటని కాసేపటికే తెలిసింది. రెండు ప్రోగ్రాములూ మదర్‌బోర్డు మీద సెన్సర్లని చదివే ఒకే చిప్‌ని ఒకేసారి అడుగుతుంటే అంకెలు తారుమారవుతాయి. ఫ్యాన్ వేగం ఒకసారి సున్నా, మరోసారి వేలల్లో చూపించింది. అప్పటినుంచి ఒకటి మూసేశాకే ఇంకోటి తెరుస్తున్నాను.

పని లేకుండా ఉన్నప్పుడు పాతది 64 అంటే కొత్తది 44 అంది. రెండర్‌లో పాతది 96, కొత్తది 76. వేడి ఎంతున్నా తేడా మాత్రం సరిగ్గా 20. సెన్సర్ పాడైతే తేడా ఇంత నిలకడగా ఉండదు, ఎవరో కావాలని 20 కలిపినట్టుంది అనిపించింది. వెతికితే నిజంగా అదే! ఈ ప్రాసెసర్‌లో రెండు అంకెలుంటాయి. టీడై అనేది లోపలి సిలికాన్ అసలు వేడి. టీసీటీఎల్ అనేది ఫ్యాన్‌ని నడపడానికి ఇచ్చే అంకె. ఏఎం4 సాకెట్‌లో (మదర్‌బోర్డు మీద ఈ ప్రాసెసర్లు కూర్చునే చోటు) ఏ ప్రాసెసర్ పెట్టినా ఫ్యాన్ ఒకే పద్ధతిలో తిరగాలని ఏఎండీ 1700ఎక్స్, 1800ఎక్స్‌లకు ఇందులో 20 డిగ్రీలు కలిపింది. ఎక్స్ లేని మామూలు 1700కి ఈ కలపడం లేదు. తర్వాత వచ్చిన 2700ఎక్స్‌కి 10 డిగ్రీలే. నా పాత సాఫ్ట్‌వేర్ ఆ టీసీటీఎల్‌నే ప్రాసెసర్ వేడిగా చూపిస్తోంది.

చదివి ఊరుకోకుండా నా కళ్లతో చూడాలనిపించింది. రాత్రంతా కంప్యూటర్ కట్టేసి ఉంచాను. తెల్లవారుజామున ఐదింటికి నాన్న దాచుకున్న గాజు థర్మామీటర్‌ని క్యాబినెట్ పక్కన పెడితే 32 చూపించింది. ఇనుప క్యాబినెట్టూ, కూలర్ రేకులూ అన్నీ ఆ 32 దగ్గరే ఉన్నట్టు లెక్క. ఆన్ చేసి విండోస్ రాగానే చూశాను. టీడై 41, టీసీటీఎల్ 61. చల్లగా ఉన్న అంత పెద్ద కూలర్ కింద, ఏ పనీ చేయకుండానే, ఒక్క నిమిషంలో 61కి ఎలా ఎక్కుతుంది? 41 నమ్మదగ్గ అంకె. అదే జాబితాలో ఇంకో వరస 24 అని చూపిస్తోంది. గాలితో చల్లబడే ఏ వస్తువూ గదికన్నా చల్లగా ఉండదు. బోర్డు చిప్‌లో ఏ సెన్సరూ తగిలించని ఖాళీ కాలు (పిన్) అలాంటి పిచ్చి అంకెలే ఇస్తుంది. ఆ వరసని కనిపించకుండా దాచేశాను.

తమ్ముడిది ఇంటెల్ కంప్యూటర్. దాని సెన్సర్ కథ వేరు. అది వేడిని నేరుగా చెప్పదు, గరిష్ఠానికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెబుతుంది. గరిష్ఠం 100 అయి, దూరం 40 అయితే, సాఫ్ట్‌వేర్ తీసివేసి 60 అని చూపిస్తుంది. అది పరిమితికి దగ్గరైనకొద్దీ ఎక్కువ నమ్మకంగా ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పటి అంకెని మరీ పట్టించుకోనక్కర్లేదు.

నా 76కి వద్దాం. ప్రమాదమేమీ కాదు, కానీ తక్కువా కాదు. మన ఊళ్లో జనవరిలో గది 25 ఉంటే మేలో 38 ఉంటుంది, అందుకని ఉత్త 76తో ఏమీ తేలదు. గది వేడిని తీసేసి చూడాలి. అరగంట రెండర్ చేశాక, గది 37 ఉండగా 76, అంటే గది వేడికి పైన 39. ఆ 39ని తగ్గించగలనా అన్నదే అసలు ప్రశ్న.

ఆదివారం పూట కూలర్ విప్పాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పి తీరాలి. ఏఎం4 ప్రాసెసర్‌కి కాళ్లు (పిన్నులు) కిందనే ఉంటాయి. ప్రాసెసర్ వేడి కూలర్‌కి చేరడానికి రెండింటి మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి పట్టేసి ఉంటే కూలర్‌ని పైకి లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, కాళ్లు వంగుతాయి. అందుకని ముందు పది నిమిషాలు రెండర్ నడిపి వేడెక్కించి, కట్టేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాక తీశాను. పాత పేస్ట్ గట్టిపడి సుద్దలా రాలింది. స్పిరిట్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించాను. రేకుల మధ్య దుమ్ము పెయింటింగ్ బ్రష్‌తో తీశాను.

మర్నాడు అదే వీడియో, అదే అరగంట, గది మళ్లీ 37. టీడై 68. పైన 31. నాన్న తన పాత నోట్‌బుక్‌లో తేదీ వేసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నారు. మూడు వీడియోలూ ఆ వారంలోనే ఇచ్చేశాను. షాపు అబ్బాయికి ఫోన్ చేసి లిక్విడ్ కూలర్ వద్దని చెప్పి, 1700ఎక్స్ వస్తే టీడై వరస చూడమన్నాను. "అవునా అక్కా, నా దగ్గర అలాంటిదే ఇంకోటి వచ్చి ఉంది, ఇప్పుడే చూస్తా" అన్నాడు.