ఐస్ గోలా సిరప్‌లు: బిల్లు కోసం నేను పడ్డ పాట్లు

విజయవాడలో మా ఫ్యాన్సీ కొట్టు ముందు ఈ వేసవికి ఐస్ గోలా పెట్టాం. తినే సరుకు అమ్మాలంటే కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, ఏడాదికి 100 రూపాయల ఫీజు. ఐస్ తురిమే మిషన్ మా మరిది తెచ్చిపెట్టాడు. ఐస్ కూడా బయట కొనలేదు, మంచినీళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించుకున్నాం. తంటా అంతా సిరప్‌ల దగ్గరే వచ్చింది.

వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకి వెళ్లా. లేబుల్ లేని ఐదు లీటర్ల క్యాన్ ముందుకు తోసి, "బండ్లవాళ్లందరూ ఇదే పట్టుకెళ్తారమ్మా, సగం రేటు" అన్నాడు. వద్దన్నా. లేబులున్న సీసాలే ఏరుకున్నా: రోజ్, ఆరెంజ్, నేరేడు రుచి కాలా ఖట్టా, పిల్లలు ఎగబడే ఆ నీలం రంగుది. వెనకాల 14 అంకెల లైసెన్సు నంబరు, తేదీ, కలిపిన రంగుల నంబర్లు ఒక్కొక్కటీ చదివి మరీ తీసుకున్నా. ఎర్ర రంగు కార్మోయిసిన్ అయితే 122, సన్‌సెట్ ఎల్లో 110, బ్రిలియంట్ బ్లూ 133. మూడూ మన దేశంలో తినే వాటిలో పరిమితి మేరకు అనుమతి ఉన్న రంగులే. బిల్లు అడిగితే మాత్రం తెల్లకాగితం మీద 'ఎస్టిమేట్' అని గీకి ఇచ్చాడు. కొట్టు పేరు లేదు, సంతకం లేదు. "జీఎస్టీ వేస్తే నీకే బరువు" అంటూ వెనకవాళ్లను పిలిచేశాడు.

ఆదివారం సాయంత్రం, బండి చుట్టూ పిల్లలు. ఒకాయన వాళ్లబ్బాయి రెక్క పట్టుకుని వచ్చాడు. తెల్ల చేతిరుమాలుతో వాడి నాలుక తుడిచి, ఆ ఎర్రటి మరక అందరికీ చూపిస్తూ, "ఏం పోస్తున్నారండీ ఇందులో? బట్టలకేసే రంగా?" అన్నాడు. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. 2024లో తమిళనాడులో పీచుమిఠాయిలో రోడమిన్-బి దొరికి అమ్మకాలు నిషేధించారు కదా, ఆ సంగతంతా చెప్పాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు, రోడమిన్-బి నిజంగా బట్టల రంగే. సీసా తిప్పి నంబరు చూపించా. "లేబుల్ ఎవడైనా అంటిస్తాడు. బిల్లేదీ?" అన్నాడు. ఆ ఎస్టిమేట్ కాగితం ఇస్తే పైకి చదివాడు. నలుగురూ నవ్వారు. కొట్టువాడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టా. "మా దగ్గర కొన్నట్టు అందులో రాసుందా?" అని పెట్టేశాడు. మా వీధి ఆవిడే, రోజూ పలకరించేదే, వాళ్లమ్మాయి చేతిలో గోలా లాగి డ్రైనేజీలో పడేసింది. మోచేతుల దాకా కారిన రోజ్ సిరప్‌తో అలాగే నిలబడిపోయా. కళ్లు తుడుచుకుందామన్నా చేతులు జిగురు.

మర్నాడు పొద్దున్నే మరిదిని తీసుకుని వన్‌టౌన్ వెళ్లా. కొట్టువాడు ముందు నన్ను గుర్తుపట్టనట్టే చూశాడు. కొనడానికొచ్చిన వాళ్లందరికీ వినబడేలా, "ఈయన అమ్మిన సరుకుని ఈయనే కాదంటున్నాడు, మీరూ చూసుకోండి" అన్నా. నేను గొంతు పెంచడం మా ఇంట్లో కూడా ఎవరూ వినలేదు! బిల్లు పుస్తకం గల్లాపెట్టె కిందే ఉంది, తీసి రాసిచ్చాడు. రేటు కూడా పైసా మారలేదు. అంటే బరువు నాకు కాదన్నమాట. ఆ బిల్లు లామినేషన్ చేయించి బండికి కట్టా.

నాలుక అంత ఎర్రబడటానికి కారణమూ ఉంది. షర్బత్ సిరప్ సీసా మీద నీళ్లు కలుపుకుని తాగమని ఉంటుంది, మనం తిన్నగా ఐస్ మీద పోస్తాం. అలాగని నీళ్లు కలిపితే పలచబడి, ఐస్‌ని కరిగించేసి గ్లాసు అడుగుకి దిగిపోతుంది. పైన తెల్లటి ఐసే మిగులుతుంది. అందుకని ఇప్పుడు సగానికి సగం మా ఇంటి పాకం కలుపుతున్నా. కిలో పంచదారకు అరలీటరు నీళ్లు, మరిగాక కాస్త నిమ్మరసం. అది లేకపోతే సీసాలో పలుకులు కడుతుంది. వేళ్ల మధ్య జిగురు తగలగానే దించెయ్యాలి, తీగపాకం వస్తే ఐస్‌లోకి ఇంకదు. ఉట్టిగా నాకితే వెగటనిపించేంత తీపి ఉండాలి, చల్లదనానికి నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది.

కాలా ఖట్టాకి నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి నేనే చల్లుతున్నా, సీసాలో పులుపు చాలదు. నేరేడు పళ్లు దిగితే రసం తీసి సొంతంగా చేస్తా, వన్‌టౌన్ గడప తొక్కే పనే ఉండదు. పెద్దవాళ్ల కోసం నన్నారి (సుగంధి వేరు) సిరప్ కడప నుంచి మా చెల్లెలు పంపింది, నిమ్మకాయ పిండి ఇస్తే మళ్లీ అడిగి తింటున్నారు. నీలం రంగుది ఈ సీసాలతో సరి, మళ్లీ తేను. అది ఏ పండు రుచో అమ్మే నాకే తెలియదు, పిల్లలు ముందు అడిగేది మాత్రం అదే.