కంఠతా వచ్చిన వాక్యం

1842లో అమెరికా నుండి వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరి ఆరంభించిన లూథరన్ మిషన్ పరిచర్య నుండి పుట్టిన బడుల్లో నేను చదివినదీ ఒకటి కనుక, మా వసతిగృహంలో రోజు వాక్యపఠనంతో మొదలై వాక్యపఠనంతోనే ముగిసేది. నేను తొమ్మిదవ తరగతిలో ఉండగా కొండమీది ప్రసంగాన్ని, అంటే మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలలోని 111 వచనాలను, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి బహుమతిగా బైబిలు అందుకున్నాను.

ఆ వారంలోనే మేము ముగ్గురం రాత్రివేళ సామాన్ల గదిలోకి దూరి బెల్లం తీసుకొని తిన్నాము. తెల్లవారి లెక్క తగ్గిందని గ్రహించిన వార్డెను గారు, వంట చేసే మామ్మను అందరి ఎదుటా దొంగ అన్నారు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. 111 వచనాలు నోటికి వచ్చిన నేను నోరు విప్పలేదు.

మాలో ఒకడు శనివారం రాత్రి ఆయనకు నిజం చెప్పేశాడు. మరునాడు ఆరాధనలో కానుకల సంచి తన దగ్గరికి వచ్చినప్పుడు వార్డెను గారు దాన్ని పక్కవారికి అందించి, తన కానుకను బెంచీ మీదే ఉంచి, గుడి బయటికి నడిచారు. కిటికీ పక్కన కూర్చున్న మాకు వంటశాల కనబడుతూనే ఉంది. ఆయన ఆమె ఎదుట చేతులు జోడించి నిలబడ్డారు. ఆ సాయంత్రం ప్రార్థనలో మా అందరి ముందూ మళ్లీ క్షమాపణ కోరారు, ఎందుకంటే నింద వేసింది అందరి ముందే కదా. మమ్మల్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనాన్ని భరించలేక నేనే వెళ్లి మామ్మ కాళ్ల మీద పడ్డాను.

ఆ రోజు ఆయన చేసినది మత్తయి 5:23, 24లో ఉన్నదే. నాకు ఎవరి మీదనో కోపం ఉంటే అని కాదు, నా మీద నా సహోదరునికి విరోధం ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి మొదట వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. అప్పజెప్పేటప్పుడు ఆ తేడా నాకు తట్టనే లేదు. మన తెలుగులో "వాడు అమ్మ మాట వినడు" అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. హెబ్రీలో "ఇశ్రాయేలూ, వినుము" అన్నచోట ఉన్న షెమా అనే మాటకూ వినడం, లోబడడం రెండూ అర్థాలే. వినువారు మాత్రమై ఉండి తమను తాము మోసపుచ్చుకొనువారిని గూర్చి యాకోబు తన పత్రికలో రాసినది ఆ వయసులో నన్ను గూర్చే రాసినట్లు ఉంటుంది.

ఆ బైబిలు అట్ట ఊడిపోయినా నా దగ్గరే ఉంది. పొలం గట్టు విషయంలో మాటామాటా పెరిగి నా తమ్ముడు నాలుగేళ్లు మా గడప తొక్కలేదు. తప్పులో ఎక్కువ భాగం నాదే. నిరుడు ఒక ఆదివారం కానుకల సంచి నా ముందుకు వచ్చినప్పుడు వార్డెను గారి ఖాళీ బెంచీ కళ్లలో మెదిలింది. ఆ వారం కానుక నా జేబులోనే ఉండిపోయింది. ఆరాధన ముగియకముందే లేచి మా ఊరి బస్సు ఎక్కాను.