ఆల్ప్ ద్యుయేజ్ ట్రయథ్లాన్: వీఐపీ ప్యాకేజీతో నా అనుభవం

ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయేజ్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే పోటీ) లాంగ్ విభాగంలో పేరు నమోదు చేసుకున్నాక, వీఐపీ ప్యాకేజీ తీసుకోవాలా వద్దా అని మా ఇంట్లో రెండు వారాలు తర్జనభర్జన జరిగింది. చివరకు తీసుకున్నది దర్జా కోసం కాదు. ఆ పోటీలో ఈత ముగించి సైకిల్ ఎక్కేది లోయలోని సరస్సు దగ్గర, సైకిల్ దిగి పరుగు అందుకునేది సుమారు 1,860 మీటర్ల ఎత్తున కొండమీది ఊళ్లో. సైకిల్‌ను కింద పెట్టి, పరుగు బూట్ల సంచిని పైన అప్పగించి, పోటీ నాటి ఉదయం మళ్లీ కిందికి చేరాలి. అక్కడ కారు నడిపే ధైర్యం లేని నాకూ మా వారికీ ఆ తిరుగుడు తలచుకుంటేనే గుండె జారింది.

ఒక ప్రయాణ సంస్థ అమ్మిన ఆ ప్యాకేజీలో పైన హోటల్ గది, విమానాశ్రయం నుంచి సైకిల్ పెట్టెతో సహా వ్యాన్, నంబరు తీసుకునే చోట ప్రత్యేక వరుస, ముగింపు గీత పక్కన కుటుంబ సభ్యులకు లాంజ్, వారిని సైకిల్ మార్గంలోని మలుపుల దగ్గరకు తీసుకెళ్లే వాహనం ఉన్నాయి. హోటల్ కాగితాలు ముందే చేతికి రావడంతో షెంగెన్ వీసా (ఫ్రాన్స్ సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే వీసా) పని కూడా తేలికైంది. వాటికి 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా జతచేసి, హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాం.

ఏ ప్యాకేజీలోనూ దొరకనిది చన్నీటి అలవాటు. నాది విశాఖపట్నం, నేను ఈదేది గోరువెచ్చని సముద్రంలో. పోటీలో ఈత జరిగే వెర్నే సరస్సేమో గ్రాండ్‌మెజోన్ జలవిద్యుత్ కేంద్రానికి దిగువ జలాశయం, కొండల మీది నుంచి వచ్చే నీరు. మామూలు రోజుల్లో అందులో ఈత నిషిద్ధం, పోటీ కోసమే తెరుస్తారు. నీరు 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుందని తెలిసి, ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు తెప్పించి, డాబా మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి మెడదాకా మునిగి కూర్చునేదాన్ని. మొదటి రోజు నలభై సెకన్లకే లేచిపోయాను, నెల తిరిగేసరికి ఎనిమిది నిమిషాలు కూర్చోగలిగాను. ఐసు తెచ్చే అబ్బాయి మూడోసారి వచ్చినప్పుడు, “ఇంత ఐసుకి చేపలేవమ్మా?” అని అడిగాడు. కొండ ఎక్కడం మాత్రం శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు నేర్పింది.

పోటీ రోజున డ్రమ్ము ఋణం తీరింది. నీటిలో దిగగానే వెట్‌సూట్ (చన్నీటిలో వేసుకునే రబ్బరు దుస్తులు) మెడ దగ్గర నుంచి వీపు మీదుగా చల్లని తీగ ఒకటి పాకినట్టయింది గాని ఊపిరి తప్పలేదు. 2.2 కిలోమీటర్ల ఈత అనుకున్నదానికంటే ముందే ముగిసింది.

ఆ తరువాత సుమారు 118 కిలోమీటర్ల సైకిల్ మార్గం రొమాంష్ లోయ వెంట కిందికి సాగి, ఆల్ప్ ద్యు గ్రాండ్ సెర్ ఎక్కించి, 1,371 మీటర్ల ఓర్నాన్ కనుమ దాటించి, బూర్గ్ ద్వాజాన్‌కు దింపుతుంది. కాళ్లలో సత్తువ సగానికి పడిపోయిన ఆ స్థితిలో అసలు కొండ ఎదురవుతుంది: 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు. మలుపుల సంఖ్య కింద 21తో మొదలై పైకి వెళ్లే కొద్దీ తగ్గుతుంది. ఒక్కో మలుపు పలక మీద టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీలో ఆ కొండమీది అంచెను గెలిచినవారి పేర్లుంటాయి, అట్టడుగు పలక మీది ఇటలీ సైక్లిస్టు కోప్పీ గెలిచింది 1952లో. అత్యంత నిటారు భాగం ఆరంభంలోనే వస్తుందని చదివి కూడా, ఉత్సాహంలో ఒక గేరు బరువుగా తొక్కిన తప్పుకు లగార్డ్ ఊరు దాటేదాకా శిక్ష అనుభవించాను. ఎక్కుడు తేలికయ్యేలా వెనక 34 పళ్ల చక్రం వేయించుకోమని సలహా ఇచ్చిన విశాఖ మెకానిక్‌ను ప్రతి మలుపులోనూ మనసులో దీవించాను.

ప్యాకేజీ తప్పింది ఇక్కడే. మా వారిని మలుపుల దగ్గరకు తీసుకెళ్లాల్సిన వాహనం రాలేదు. ఫోన్ చేస్తే “ఇప్పుడే, ఇప్పుడే” అన్న మాట తప్ప జవాబు లేదట. ఆయన గంటసేపు హోటల్ గుమ్మంలో నిలబడి, ఇక లాభం లేదని నడిచే దిగివచ్చి, చర్చి పక్కన ఏడో మలుపు దగ్గర గోడ మీద కూర్చున్నారు. నేను కనిపించగానే లేచి, “ఇంకా ఆరే! నిదానంగా పో, పడిపోయేవు!” అని తెలుగులో అరిస్తే, చుట్టూ ఉన్నవాళ్లు కూడా అర్థమైనట్టు చప్పట్లు కొట్టారు. ఆ సేవ తాలూకు సొమ్ము వెనక్కి ఇమ్మని తరువాత రెండు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ బదులు రాలేదు.

సుమారు ఇరవై కిలోమీటర్ల పరుగు కొండమీదే మూడు చుట్లుగా ఉంటుంది. అంత ఎత్తులో గాలి మన తీరంతో పోలిస్తే దాదాపు ఐదో వంతు పలచన కావడంతో, చిన్న ఎత్తులన్నీ నడిచి, పల్లాల్లో మాత్రమే పరుగెత్తాను. నేను ముగించే వేళకు లాంజ్‌లో బల్లలు మడిచేస్తున్నారు. మా వారు జేబులోంచి కాగితపు రుమాలు తీసి విప్పారు. అందులో ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు రెండు, ఇంకా కొంచెం వెచ్చగానే ఉన్నాయి.