మ్యాడిసన్‌లో 728 గజాల లెక్క

విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మ్యాడిసన్‌కు ఏ రోజైనా వెళ్ళండి గానీ, కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం మాత్రం కారులో వెళ్ళకండి. చికాగో శివారులోని మా అమ్మాయి ఇంటి నుంచి రెండున్నర గంటలు ప్రయాణం చేసి, రెండు సరస్సుల నడుమ సన్నటి నేల మీద కట్టిన ఆ ఊరికి చేరేసరికి, రోడ్ల నిండా ఎర్రచొక్కాల జనమే తప్ప కారు ఆపుకోవడానికి జానెడు చోటు కనబడలేదు. చివరకు క్యాంప్ ర్యాండల్ స్టేడియానికి నాలుగు వీధుల అవతల, ఒక ఇంటి ముందు పచ్చికలో కారు పెట్టుకోనిచ్చినందుకు ఆ ఇంటి పెద్దాయన నలభై డాలర్లు పుచ్చుకున్నాడు. ఆ నలభైని రూపాయల్లోకి మార్చవద్దని అల్లుడు ముందే హెచ్చరించాడు గానీ, ముప్పై మూడేళ్ళు లెక్కల శాఖలో పనిచేసిన మనిషికి ఆ నిగ్రహం ఎక్కడి నుంచి వస్తుంది?

మెండోటా సరస్సు ఒడ్డున పావుగంట నిలబడ్డాక నవంబరు గాలికి నా మోకాళ్ళు మొరాయించాయి. పిల్లలు శాసనసభ భవనం చూడటానికి వెళ్ళగా నేను కారు దగ్గరకు తిరిగివచ్చాను. ఇంటి పెద్దాయన జాలిపడి వరండాలో కుర్చీ వేసి, వేడి కాఫీ ఇచ్చాడు. అందులో చక్కెర లేదు, పాలూ లేవు; అయినా నలభై డాలర్లలో కొంతైనా వసూలయిందనుకుని తాగాను. ఆ వరండాలో గడిచిన రెండు గంటలు తప్ప ఆ రోజు చూసిన తక్కిన విశేషాలేవీ ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేవు.

ఆయన మాటలన్నీ రాన్ డేన్ అనే ఆటగాడి చుట్టూనే తిరిగాయి. న్యూజెర్సీ నుంచి వచ్చి 1996 మొదలు 1999 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన రన్నింగ్ బ్యాక్ అతను. ఆ పని ఏమిటో నాకు చెడుగుడు ద్వారానే అర్థమయింది. కూతకు వెళ్ళినవాడు ఎవరినో తాకి తన గీత దగ్గరకు తిరిగి రావాలి. ఇక్కడ బంతి అందుకున్నవాడికి తిరిగి రావడమన్నది లేదు, పదకొండుగురు మీద పడుతుంటే ముందుకే చొచ్చుకుపోవాలి, పడిపోయేలోగా ఎన్ని గజాలు సాగాడన్నదే అతని సంపాదన. యార్డు అంటే మన గజమే కాబట్టి, ఆ లెక్కకు నాకు దుబాసీ అవసరం లేకపోయింది. డేన్ పొడగరి కాడు, అయిదడుగుల పది అంగుళాలే. బరువు మాత్రం దాదాపు నూట పదమూడు కిలోలు. అంత బరువు వేగంగా వస్తుంటే ఎదురు నిలవడం ఎలా ఉంటుందో పెద్దాయన వరండా స్తంభానికి భుజం ఆనించి చూపించాడు.

1999 నవంబరు 13న ఆయన స్టేడియంలోనే ఉన్నాడు. కాలేజీ ఆటలో బంతితో పరుగెత్తి సాధించిన మొత్తం గజాల్లో టోనీ డోర్సెట్ అనే ఆటగాడు 1976లో నెలకొల్పిన 6,082 గజాల రికార్డు ఇరవై రెండేళ్ళు నిలిచి, 1998లో టెక్సస్ ఆటగాడు రికీ విలియమ్స్ చేతిలో పోయింది. విలియమ్స్ లెక్క 6,279 దగ్గర ఆగింది. దానిని దాటడానికి అయోవా జట్టుతో ఆట మొదలయ్యేనాటికి డేన్‌కు ఇంకా 99 గజాలు కావాలి. ముప్పై ఒక్క గజాల ఒకే పరుగుతో అతను ఆ గీత దాటినప్పుడు, డేన్ పేరు, అతని చొక్కా మీది 33 అంకె అచ్చువేసిన తెల్ల తువాళ్ళు స్టేడియమంతా ఊగాయట. ఆ రోజు మొత్తం 216 గజాలు, గెలుపు 41–3. పెద్దాయన లోపలికి వెళ్ళి ఆ తువాలు తెచ్చి నా ఒళ్ళో పరిచాడు. ఇన్నేళ్ళలో దానితో ఒక్కసారైనా చేయి తుడుచుకున్నట్లు లేదు. ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ కూడా ఆ ఏడాది డేన్‌కే వచ్చింది.

అప్పటికి అతని ఖాతాలో పడినవి 6,397 గజాలు, అంటే దాదాపు ఆరు కిలోమీటర్లు. నా ఉదయపు నడక అందులో సగం కూడా ఉండదు, పైగా నన్ను అడ్డుకునేవాడు ఎవడూ లేడు.

అసలు కథ అక్కడి నుంచి మొదలయింది. 2016 డిసెంబరులో సాన్‌డియేగో స్టేట్ జట్టుకు చెందిన డానెల్ పంఫ్రీ లాస్‌వేగస్ బౌల్‌లో ఆడి 6,405కు చేరాడు. తేడా ఎనిమిది గజాలు. బౌల్ అంటే సీజన్ ముగిశాక జరిగే ప్రత్యేకమైన ఆట. 2002కు ముందు ఆ ఆటల్లో సాధించిన గజాలను ఆటగాడి అధికారిక లెక్కలో కలిపేవారు కాదు. ఆ ఏటి నుంచి కలపడం మొదలుపెట్టారు గానీ, పాత ఖాతాలను తిరగదోడలేదు. డేన్ నాలుగు బౌల్ ఆటలు ఆడాడు, అందులో రెండు రోజ్ బౌల్‌లు, ఆ రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు అతనే. పంఫ్రీ మీద పెద్దాయనకు కోపమేమీ లేదు, పీచులా ఉన్నా గట్టి పిల్లవాడని మెచ్చుకున్నాడు కూడా. ఆయన బాధంతా తేదీ మీదే.

ఆ మాటకు నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. గ్రాట్యుటీ పరిమితి పెంచిన ఉత్తర్వు అమలు తేదీకి సరిగ్గా ఒక నెల ముందు పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు మా కార్యాలయానికి మూడుసార్లు వచ్చారు. "నెల రోజుల తేడాకు నా సర్వీసు తగ్గిపోయిందా బాబూ?" అని ఆయన అడిగితే, జీవోలో తేదీ చూసుకోండని కాగితం ఆయన వైపు తిప్పినవాడిని నేనే. నియమం నేను పెట్టింది కాదు. కానీ కాగితం తిప్పిన చేయి మాత్రం నాదే. ఇదంతా పెద్దాయనకు నా ఇంగ్లీషులో చెప్పబోయి గ్రాట్యుటీ దగ్గరే ఆగిపోయాను.

మూడో అంకం ముగిసినప్పుడు స్టేడియంలో జనమంతా ఒక్కసారిగా ఎగరడం వాళ్ళ ఆనవాయితీ, డేన్ ఆడుతున్న 1998లోనే మొదలయిందట. నాలుగు వీధుల అవతల నుంచి ఆ హోరు వినబడగానే, ఎనభై ఏళ్ళ ఆ మనిషి కుర్చీలోంచి లేచి రెండుసార్లు మడమలెత్తి కూర్చున్నాడు.

పిల్లలు తిరిగివచ్చాక ఊరి పొలిమేర దాటడానికే గంట పట్టింది. డేన్ ఆ నాలుగు బౌల్ ఆటల్లో సాధించిన గజాలంటూ పెద్దాయన చెప్పిన అంకెలు పార్కింగు చీటీ వెనక ఒకదాని కింద ఒకటి వేశాను: 246, 36, 246, 200. మొత్తం 728. దానిని 6,397కు కలిపితే 7,125. అలవాటు కొద్దీ కింది నుంచి పైకి కూడా ఒకసారి కూడి చూశాను. అదే వచ్చింది.