పేపర్-3లో పోలీసు సంస్కరణలు: మొదటిసారి నేను చేసిన తప్పు

ఫ్రెండ్స్, గ్రూప్-1 మెయిన్స్ పాలిటీ, గవర్నెన్స్ పేపర్‌కి చదివేవాళ్లలో చాలామంది పోలీసు సంస్కరణలను ఒక్క రాత్రిలో ముగించేస్తారు. నేనూ అంతే. ప్రకాశ్ సింగ్ కేసు, 2006 సెప్టెంబర్ 22, పోలీసు సంస్కరణల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాలు అని బట్టీ పట్టి, తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర రూములో మేం పెట్టుకున్న టెస్టులో వరసగా రాసేశాను. పేపర్ దిద్దిన సీనియర్ అక్క ఒక్కటే అడిగింది: "కోర్టు చెప్పింది రాశావు సరే, తర్వాత రాష్ట్రాలు ఏం చేశాయి?" నా దగ్గర జవాబు లేదు.

అసలు విషయం అక్కడే ఉంది. పోలీసు అనేది రాష్ట్ర జాబితాలోని అంశం, అందుకే కోర్టు తన ఆదేశాలు రాష్ట్రాలు చట్టం చేసేవరకు అమల్లో ఉంటాయని చెప్పింది. అంటే రాష్ట్రం చట్టం తెచ్చిన రోజు నుంచి ఆ చట్టంలో ఏముందన్నదే ముఖ్యం. పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీనే తీసుకోండి. జిల్లా స్థాయిలో రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండాలి, డీఎస్పీ వరకు ఉన్నవాళ్ల మీద ఫిర్యాదులు వినాలి, దాని సిఫార్సును సంబంధిత అధికారులు పాటించి తీరాలి అని కోర్టు చెప్పింది. కేరళ 2011 చట్టంలో అధ్యక్షుడు రిటైర్డ్ జిల్లా జడ్జే, కానీ సభ్యులుగా కలెక్టర్‌నీ ఎస్పీనీ పెట్టారు. తన కింద పనిచేసే ఎస్సై మీద వచ్చిన ఫిర్యాదును ఎస్పీ కూడా కూర్చుని వింటే జనానికి నమ్మకం ఎలా కుదురుతుంది? ఈ ఒక్క పోలిక రాస్తే మీ ఆన్సర్ మిగతా వందమంది రాసినట్టు ఉండదు.

ఈ టాపిక్ నాకు ఇంతగా పట్టడానికి ఇంకో కారణం ఉంది. మాది చిత్తూరు వైపు పల్లె. ఒక రాత్రి మా బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు. నాయన స్టేషన్‌కి పోతే మా లిమిట్స్ కాదన్నారు, పక్క స్టేషన్‌కి పోతే వాళ్లూ అదే మాట. రెండు రోజులు తిరిగి, పైరు ఎండుతుంటే అప్పు చేసి కొత్త కేబుల్ కొన్నాడు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం అయితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పు చెప్పిందనీ, ఏ స్టేషన్ లిమిట్స్ అయినా ఎక్కడైనా కట్టించుకోగల జీరో ఎఫ్ఐఆర్ అనేది ఒకటుందనీ మాకెవరికీ తెలీదు. ఈ జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173లోనే ఉంది, తప్పకుండా రాయండి.

పోలీసుల వైపు కష్టం కూడా రాయాలి, అది మార్కుల కోసం మాత్రమే కాదు, నిజం కాబట్టి. ఆ ఏడింటిలో దర్యాప్తునూ శాంతిభద్రతలనూ విడదీయమన్న ఆదేశం ఎందుకో నాకు బ్రహ్మోత్సవాలప్పుడు అర్థమైంది. గరుడ సేవ బందోబస్తుకు పంపిన ఎస్సై అదే వారం దొంగతనం కేసు ఎలా తేలుస్తాడు? స్టేషన్ ఆఫీసర్‌కి కనీసం రెండేళ్లు బదిలీ లేకుండా ఉండాలన్నది కూడా ఇలాంటిదే, ఎవరి ఫోన్‌కి భయపడకుండా పనిచేయాలంటే ఆ భరోసా కావాలి.

అరెస్టు, కస్టడీ విషయానికి డీకే బసు (1996), స్టేషన్లలో సీసీటీవీల మీద పరమ్‌వీర్ సింగ్ సైనీ (2020), ఈ రెండు సుప్రీంకోర్టు తీర్పులు చాలు. పోలీసు సంస్కరణల మీద వేసిన కమిటీల పేర్లలో ధర్మవీర (జాతీయ పోలీసు కమిషన్), సోలీ సొరాబ్జీ (మోడల్ పోలీసు చట్టం రాసిన కమిటీ) వదలకండి, మిగతావి టైమ్ ఉంటేనే.

సెక్షన్ 173 చదివిన సాయంత్రమే నాయనకు ఫోన్ చేసి చెప్పాను. మా ఊళ్లో ఇంకో ఇద్దరి కేబుళ్లు పోయాయట, ఆ సెక్షన్ నెంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపమన్నాడు.